విశ్రాంతి వెనక వైపు

"వెనక ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు సారు.

ఆయన చేతిలో పెన్ను ఉంది. దాంతోనే రేకు 'వి' అక్షరం వీపు మీద కొట్టాడు. రేకు టంగుమంది. ఆమె తను కొత్తగా పెట్టిన టంకం కదిలిందేమోనని వంగి చూసింది. కదల్లేదు.

అది డిజైన్ కాలేజీలో పనిగది. ఆఖరి ఏడాది వాళ్ళంతా అక్షరాలు చేస్తున్నారు. అచ్చు పొయ్యకూడదు, మెషీన్ మీద కొయ్యకూడదు. చేత్తో చెయ్యాలి. అక్షరానికి పొడుగూ వెడల్పుతో పాటు మందం ఉండాలి. ఇంతకు ముందు ఎవరూ చెయ్యని తీరులో ఉండాలి. అదీ ప్రాజెక్టు. ఒకడు సబ్బు చెక్కుతున్నాడు. ఒకమ్మాయి ఉన్నితో అల్లుతోంది. ఆమె రేకు తెచ్చుకుంది. తండ్రిది రేకు పని. కత్తెరా, చెక్క సుత్తీ ఇంట్లోనే ఉన్నాయి.

ఆమె చేస్తున్న మాట 'విశ్రాంతి'. నడుమెత్తు అక్షరాలు. పెద్ద రోడ్డు మీదున్న హోటలు పేరు అది. హోటలు డాబా మీద అవే అక్షరాలు మనిషిని మించిన ఎత్తున నిలబడి ఉంటాయి. ఆ హోటలు పొడుగే గానీ లోతు లేదు. దాని వెనక ఒక వరస ఇళ్ళు, ఆ ఇళ్ళ ముందు సందు. ఆమె వాళ్ళ ఇల్లు ఆ వరసలోనే. రోడ్డున పోయేవాళ్ళకి అక్షరాల నున్నటి ఎర్ర ముఖం కనపడుతుంది. సందులో వాళ్ళకి వీపు కనపడుతుంది. ఇనప బద్దీలు, తీగలు, బల్బు హోల్డర్లు, తుప్పు, పావురాల రెట్ట. పొద్దు వాలగానే బల్బులు వెలుగుతాయి. వెనకున్న కరెంటు పెట్టె గుయ్యిమంటుంది. తెల్లారేదాకా గుయ్యిమంటూనే ఉంటుంది. విశ్రాంతి వెనక ఎవరూ కంటినిండా నిద్రపోరు.

బడికి వెళ్ళక ముందే ఆమె ఇంటి కిటికీలోంచి ఆ అక్షరాలు నేర్చుకుంది. తిరగేసి నేర్చుకుంది. పలక మీద అలాగే రాస్తే బళ్ళో వేళ్ళ కణుపుల మీద కొట్టారు. సందంతా 'అద్దం' అని పేరు పెట్టింది. ఇప్పటికీ అదే పేరు.

అందుకే ఆమె చేసిన అక్షరాలకి ముందు వైపు పనేమీ లేదు. సాపు రేకు, ఎర్ర రంగు, అంతే. పనంతా వెనక ఉంది. ప్రతి బద్దీని చేత్తో వంచింది. మందు సీసాల మూతలతో హోల్డర్లు చేసింది. ఉప్పు నీళ్ళు చల్లి తుప్పు పట్టించింది. 'తి' గుడి వంపులో రాగి తీగల పీచుతో పావురం గూడు అల్లింది.

"మేం చూస్తాం సార్," అంది.

"మేం అంటే?"

"వెనకుండేవాళ్ళం."

సారు నవ్వాడు. జోకు అనుకున్నాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"చూడమ్మా. పని మంచి పనే. కానీ ఎగ్జిబిషన్‌కి ఖర్చు పెడుతున్నది ఆ హోటలు వాళ్ళు. వాళ్ళ పేరే ఒకమ్మాయి చేస్తోందని చెప్పాను. మేనేజరు సంబరపడ్డాడు. బాగుంటే లాబీలో పెట్టుకుంటానన్నాడు. అలాంటివాడి ముందు ఈ తుప్పూ గూళ్ళూ పెడతావా? ముందు వైపు పెట్టు. వెనక నల్ల రంగు కొట్టెయ్."

"ముందు వైపు పెడితే ప్రాజెక్టు లేదు సార్. బోర్డు ఉంది."

"బోర్డే చాలు. తిరగబడ్డ మాట ఎవడు చదువుతాడు?"

ఆయన ఉన్ని అల్లుతున్న అమ్మాయి దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చాలాసేపు మెచ్చుకున్నాడు. ఆమె 'విశ్రాంతి'లోని సున్నని సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరింది. పూర్తి చెయ్యాల్సింది ఇంక అదొక్కటే.

*

ఇంటి ముందు గది తండ్రి పనికి, వెనక గది బతకడానికి. ముందు గదిలో రేకు కొట్టే దాగలి, బొగ్గుల కుంపటి, గోడకి వేలాడే కత్తెరలు. వెనక గది కిటికీకి గోనెపట్టా కొట్టి ఉంది. ఆ బల్బుల వెలుతురు పడకుండా తల్లి జబ్బు మంచం మీద ఉన్నప్పుడు కొట్టించుకున్న పట్టా. మనిషి పోయింది. పట్టాని తండ్రి పీకలేదు, పీకనివ్వలేదు.

అక్షరాలన్నిట్లోకీ సున్న కష్టం. బయటి చుట్టుకి రేకుని ఒక వైపు వంచాలి, లోపలి చుట్టుకి ఇంకో వైపు వంచాలి. అంచు మడతకి గాట్లు పెట్టాలి. గాటు లోతైతే చిరుగుతుంది, తక్కువైతే ముడత పడుతుంది. పైగా సున్న దేన్నీ అంటుకోదు. పక్క అక్షరంతో దానికి చుట్టరికం లేదు. ముందు నుంచి చూస్తే గాల్లో నిలబడ్డట్టు ఉంటుంది. వెనక నుంచి చూస్తేనే దాన్ని మోస్తున్న కడ్డీ కనపడుతుంది.

తండ్రి సున్నని చేతిలోకి తీసుకుని తిప్పాడు. వేలితో అతుకు తడిమాడు.

"టంకం ఎక్కువైంది. చీమిడి ముక్కులా ఉంది."

"ఆకురాయి పెడతాలే."

"పెట్టు. ఇంత తంటా దేనికి? వెనకేగా?"

"నువ్వూ అదే అంటావా? మా సారూ అదే అన్నాడు. వెనక ఎవరు చూస్తారని. నల్ల రంగు కొట్టెయ్యమన్నాడు."

తండ్రి చెయ్యి ఆగింది. సున్నని తిరిగిచ్చి బకెట్టు అడుగు ఒకటి బిగించబోతున్నవాడు దాన్ని కింద పెట్టేశాడు.

"హోటలు వాడూ అదే ముక్క అన్నాడు," అన్నాడు.

"ఎప్పుడు?"

"మీ అత్త కాలు విరిగినప్పుడు."

అది సందులో అందరికీ తెలిసిన సంగతే. గాలివానకి హోటలు డాబా మీది అసలు సున్న ఊడింది. ఊడి, డాబా మీద దొర్లి, వెనక గోడ దాటి, అత్త ఇంటి పెంకుల మీద పడింది. పెంకులూ దూలమూ సున్నా కలిసి అత్త మడమ మీదికి వచ్చాయి. తెల్లారి హోటలు మనుషులు వచ్చారు. సున్నని జాగ్రత్తగా పైకి లేపి పట్టుకెళ్ళారు. అత్తని చూడటానికి మళ్ళీ రాలేదు. ఆమెకి తెలియనిది ఒకటి తండ్రి ఇప్పుడు చెప్పాడు.

"ఆ సున్నని బాగు చెయ్యడానికి నా దగ్గరికే తెచ్చారు. ఊళ్ళో రేకు పనివాడు ఇంకెవడున్నాడు? అక్క ఆస్పత్రిలో ఉంది. నేను ఇక్కడ కూర్చుని ఆ సున్న సొట్టలు తీశాను. ముఖం సాపు చేశాక తిప్పబోతే, చాల్లేవయ్యా, వెనక ఎవడు చూస్తాడు అన్నాడు."

"తియ్యలేదా మరి?"

"ఆ మాట విన్నాక తియ్యమన్నా తీసేవాణ్ణి కాదు. ఉండనీ అనుకున్నా. మన డాబా ఎక్కి చూడు, వెనక సొట్ట ఇప్పటికీ ఉంటుంది."

ఆమె డాబా ఎక్కింది. ఇన్నేళ్ళూ ఆ వీపు చూసింది. చూడని రోజు లేదు. ఇప్పుడు చూస్తే సున్న కింది వంపులో, కుడి పక్కన, సొట్ట ఉంది. అరచెయ్యి పట్టేంత. దాంట్లో వాన నీళ్ళు నిలిచి తుప్పు చారలు కిందికి దిగాయి. ఆమె దాన్ని నీడ అనుకుంది ఇన్నాళ్ళూ.

దిగి వచ్చి చెక్క సుత్తి తీసుకుంది. సున్నని దాగలి మీద పెట్టింది. మెల్లిగా కొట్టింది. గుంట పడింది గానీ అది సొట్టలా లేదు, గిన్నెలా ఉంది. ఇంకోసారి కొట్టింది. చెంచాలా అయింది.

"నువ్వు పని చేస్తున్నావు," అన్నాడు తండ్రి. "సొట్ట పని కాదు. దెబ్బ."

అప్పుడే పక్కింట్లోంచి అత్త వచ్చింది. తండ్రికి అక్క. కుడి కాలు ముందు వేసి ఎడమ కాలు లాక్కుంటూ నడుస్తుంది. ఎత్తుపీట మీద కూలబడి కాలు చాపింది.

"ఏంటే అద్దం, పొద్దుట్నుంచీ టంగు టంగుమంటున్నారు తండ్రీ కూతుళ్ళు? పెట్టె గోల రాత్రికి, మీ గోల పగటికీనా?"

"సున్న అత్తా. నీ మీద పడ్డది. దానికి సొట్ట పెట్టాలి. నాకు కుదరట్లేదు."

అత్త సున్నని చూసింది. ఎప్పటి శత్రువో చిన్నపిల్లాడై ఎదురొచ్చినట్టు చూసింది.

"ఇంతే ఉంటుందా?"

"చిన్నది చేశాను."

"చిన్నదైనా దాని బుద్ధి అదేగా. ఇలా తే."

తండ్రి చెక్క సుత్తి తీసి పక్కన పెట్టాడు. ఇనప సుత్తి అక్క చేతికిచ్చాడు. కూతురు సున్నని గడప మీద ఆనించి పట్టుకుంది. ఎక్కడ కొట్టాలో వేలితో చూపించింది. అత్త కొంగు నడుముకి చుట్టుకుంది. గురి చూడలేదు. ఎత్తి కొట్టింది.

సందులో కుక్క మొరిగింది.

సున్న తిప్పి చూశారు. ముఖం చెదరలేదు. వెనక మాత్రం రేకు లోపలికి నలిగి, అంచు చిరిగి, మధ్యలో మడత విరిగి ఉంది. హోటలు డాబా మీద ఉన్నదానికి తోబుట్టువులా ఉంది.

"ఇంకోటి కొట్టనా?" అంది అత్త.

"వద్దు అత్తా, పాడైపోతుంది."

"పాడవ్వాలనే కదే కొట్టమన్నావు?"

తండ్రి మొహం తిప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. అతను నవ్వి చాలా కాలమైంది. అలవాటు తప్పిన నవ్వు దగ్గులా వచ్చింది.

ఆమె చెప్పింది. ముందు వైపు పెట్టకపోతే సారు మార్కులు వెయ్యకపోవచ్చని. మార్కులు లేకపోతే ఏడాది మళ్ళీ చదవాలని. ఉద్యోగం చేస్తానని ఇంట్లో చెప్పిన మాట ఇంకో ఏడాది వెనక్కి పోతుందని.

"సున్న వేస్తాడంటావా?" అంది అత్త.

"వెయ్యొచ్చు."

"వెయ్యనీ. పైనుంచి పడ్డ సున్ననే మోశాను. కాగితం మీద సున్న ఎంత బరువుంటుందే?"

తండ్రి ఆకురాయి తీసి కూతురి ముందు పెట్టి, చీమిడి ముక్కు లాంటి అతుకుని వేలితో చూపించాడు.

*

ప్రదర్శనకి ముందురోజు ఆమె అక్షరాలన్నిటినీ ఒకే చట్రానికి బిగించింది. చట్రానికి కాళ్ళు పెట్టింది. హాలు మధ్యలో, వీపు గుమ్మం వైపు ఉండేలా నిలబెట్టి వెళ్ళింది. అడుగుపెట్టిన ప్రతివాడూ ముందు ఆ వీపునే చూడాలి. ముఖం చూడాలంటే చుట్టూ తిరిగి వెళ్ళాలి. సందులోవాళ్ళు రోజూ తిరిగే దూరమే అది.

పొద్దున్నే తండ్రినీ అత్తనీ వెంటబెట్టుకుని వచ్చింది. జనం రాకముందే చూపిస్తే అత్త తీరిగ్గా కూర్చుని చూస్తుందని. వాచ్‌మన్ వీళ్ళని పనివాళ్ళ గుమ్మం వైపు చూపించాడు. ఆమె వాళ్ళని పెద్ద గుమ్మంలోంచే తీసుకెళ్ళింది.

హాలు మధ్య ఖాళీగా ఉంది.

అత్త అటూ ఇటూ చూసింది. సబ్బు అక్షరాలు చూసింది. ఉన్ని అక్షరాలు చూసి "దుప్పటైనా కాకపోయె" అంది. ఎదుట గోడ దగ్గరికి వెళ్ళింది. గోడ మీద ఎర్రగా, నున్నగా, లైటు పడి మెరుస్తూ విశ్రాంతి ఉంది. కాళ్ళు కోసేసి, చట్రాన్ని మరలతో గోడకి బిగించేశారు. వీపు గోడలోకి పోయింది. అత్త దాని ముందే నిలబడింది.

"నీది ఎక్కడుందే?"

"ఇదే అత్తా."

"ఇదా? ఇది హోటలు వాళ్ళది కదా."

అత్తకి చదువు రాదు. ఒక్క అక్షరం రాదు. కానీ కిటికీలోంచి రోజూ చూసే ఆ ఒక్క మాటని ఎక్కడ కనపడ్డా పోల్చుకుంటుంది. వీపు వైపు నుంచి పోల్చుకుంటుంది. ఈ వైపు నుంచి అది ఆమెకి ఎవరిదో.

కూతురు తండ్రి వైపు చూసింది. చెయ్యి చాపింది. తండ్రి జేబులో స్క్రూడ్రైవరు లేని రోజు ఉండదు. పెళ్ళికి వెళ్ళినా, చావుకి వెళ్ళినా ఉంటుంది. తీసి ఇచ్చాడు.

మరలు గట్టిగా పట్టుకున్నాయి. ఒకదాని తల విరిగింది. తండ్రి చట్రం కింద భుజం పెట్టి మోశాడు. ఆఖరి మర ఊడగానే గోడ సున్నం రాలి ఆమె జుట్టు మీద పడింది. ఇద్దరూ కలిసి దింపారు. కాళ్ళు లేవు కాబట్టి బల్లలు రెండు లాక్కొచ్చి వాటి మీద నిలబెట్టారు. వీపు గుమ్మం వైపు తిప్పారు. కదలకుండా తండ్రి తీగతో కట్టాడు.

అత్త ఆగి చూసింది. బద్దీలు చూసింది. గూడు చూసింది. సున్న దగ్గరికి వచ్చి సొట్టలో అరచెయ్యి పెట్టింది. సరిపోయింది.

"ఆఁ," అంది. "ఇది మనది."

సారు వచ్చేసరికి జనం చేరుతున్నారు. గోడ మీద కన్నాలు చూశాడు. అక్షరాలు చూశాడు. ఆయన గొంతు పెంచలేదు. పెంచితే అందరూ చూస్తారు.

"ఎవరు తిప్పారు?"

"నేనే సార్."

"మళ్ళీ తిప్పు. మేనేజరు మెట్ల దగ్గరున్నాడు."

"తిప్పను."

"ఇలాగే ఉంచితే నేను మార్కులు వెయ్యను. ఇంకో ఏడాది ఇక్కడే చదువుకోవాలి. తెలుసా?"

"చదువుకుంటాను సార్."

"నీ మంచికే చెప్తున్నాను."

"కాళ్ళు కోసేముందు చెప్పాల్సింది సార్."

ఆయన నోరు తెరిచేలోపు మేనేజరు వచ్చేశాడు. తెల్ల చొక్కా, మెత్తటి బూట్లు, వెనక ఇద్దరు. సబ్బు అక్షరాలు చూసి బాగుందన్నాడు. ఉన్ని అక్షరాలు చూసి చాలా బాగుందన్నాడు. హాలు మధ్యకి వచ్చి ఆగాడు. తల ఒక పక్కకి వంచాడు. ఇంకో పక్కకి వంచాడు.

"ఇదేంటండీ? అర్థం కావట్లేదు."

సారు గొంతు సవరించుకున్నాడు. ఏదో చెప్పబోయాడు. బల్ల పక్కన కుర్చీలో కూర్చుని కాలు చాపిన అత్త ముందు చెప్పింది.

"మీదే బాబూ. మా వైపు నుంచి."

మేనేజరు అత్తని చూశాడు. మళ్ళీ అక్షరాలు చూశాడు. పెదవులు కదిలాయి. కుడి నుంచి ఎడమకి కూడబలుక్కుంటున్నాడని ఆమెకి తెలిసింది. తను పలక పట్టిన రోజుల్లో పడ్డ అవస్థే. పేరు అందిందనుకుంటా, మొహంలో నవ్వు తగ్గింది. సున్న మీద వేలు పెట్టాడు.

"ఈ సొట్టేంటి?"

"నా కాలు," అంది అత్త.

వెనకున్న ఇద్దరిలో ఒకడు నవ్వాడు. నవ్వకూడదని తెలిసి ఆపాడు. మేనేజరు క్షమించమని అనలేదు. వాచీ చూసుకున్నాడు. "వెరైటీగా ఉంది," అని, సారు భుజం మీద చెయ్యి వేసి ముందుకి నడిచాడు. బూట్ల చప్పుడు ఆఖరి దాకా మెత్తగానే వినపడింది.

సాయంత్రం గుమ్మం పక్కన మార్కులు అంటించారు. ఆమె పేరుకి ఎదురుగా ఏమీ లేదు. సారు మాట మీద నిలబడే మనిషి. ఆ ఒక్క సంగతిలో ఆమెకి ఆయనంటే కోపం రాలేదు.

*

మర్నాడు కాలేజీ వాళ్ళు అక్షరాలు పట్టుకుపొమ్మన్నారు. లాబీ మాట ఎవరూ ఎత్తలేదు. ట్రాలీ ఆటోలో పెట్టి సందుకి తెచ్చారు. ముందు గదిలో పట్టలేదు. వెనక గదిలో పెడితే మనుషులు పట్టరు.

"కరిగించేద్దామా?" అన్నాడు తండ్రి. అడగడం కాదు, ఏమంటుందో చూడటం.

"కాళ్ళు మళ్ళీ కట్టివ్వు," అంది ఆమె.

తండ్రి యాంగిల్ ఇనుము కోసి కాళ్ళు కట్టాడు. వానకి ఆగేలా అతుకులన్నీ ఇంకోసారి చూశాడు. ఈసారి వంక పెట్టలేదు. ఇద్దరూ కలిసి తమ ఇంటి డాబా మీదికి ఎక్కించారు. పిట్టగోడ దగ్గర నిలబెట్టి బోల్టులు వేశారు. ముఖం సందు వైపు, వీపు హోటలు వైపు. హోటలు వెనక గదుల కిటికీలన్నీ ఆ వైపే తెరుచుకుంటాయి.

సందులో జనం బయటికొచ్చి తలలెత్తి చూశారు. ఇన్నేళ్ళకి తమ వైపు ఒక మాట తిన్నగా నిలబడి ఉంది. పాల మనిషి గట్టిగా చదివాడు. ఎదురింటి ముసలాయన దండం పెట్టబోయి, దేనికో తెలియక చెయ్యి దించేశాడు.

నాలుగు రోజులు గడవలేదు, హోటలు నుంచి మనిషి వచ్చాడు. మెడలో టై. సందులోకి ఎప్పుడూ రాలేదని నడకలోనే తెలుస్తోంది. ఎక్కడ అడుగు వెయ్యాలో చూసుకుంటూ వచ్చి, గడప మీద కూర్చున్న అత్త ముందు ఆగాడు. మేనకోడలు డాబా మీద ఉంది. సున్న కడ్డీకి నట్టు బిగిస్తోంది.

"ఆ రేకులు ఎవరివమ్మా?"

"మావే."

"తీసెయ్యాలి. గెస్టులు గొడవ చేస్తున్నారు. కిటికీ తీస్తే తుప్పు, తీగలు, అదేదో గూడు. ఏంటో చదువుదామంటే తిరగబడి ఉంది."

"అలవాటవుతుంది బాబూ. మాకు కాలేదా?"

అతను నొసలు చిట్లించాడు. ఈ ముసలావిడ దగ్గర పని కాదనుకుని తలెత్తాడు.

"ఏమ్మా, కనీసం ముందు వైపు మా వైపు తిప్పండి. అడిగేది అంతే కదా?"

డాబా మీద ఆమె పానా తీసి నట్టు ఇంకో చుట్టు బిగించింది.

"ముందు వైపు చూడాలంటే ఇటు రమ్మను," అంది అత్త. "నువ్వు రాలేదా? అలాగే. సందు ఎవరూ మూసెయ్యలేదు."

అతను ఇంకేదో అనబోయి పైకి చూశాడు. దగ్గరైపోయి అక్షరాలు పూర్తిగా కనపడలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంకోటి వేశాడు. టై మనిషి వీపు ఎదురింటి గోడకి తగిలింది. మెల్లిగా చదివాడు.

"చదివావుగా," అంది అత్త. "ఇక పద. దారికి అడ్డం."

విరిగిన కాలుని రెండు చేతులతో ఎత్తి, సందులోకి పొడుగ్గా చాపుకుంది. అతను దాన్ని దాటుకుని వెళ్ళాల్సి వచ్చింది.